బంగారం లెక్కల పుస్తకం

సంక్రాంతికి అటక దులుపుతుంటే పాత ట్రంకుపెట్టె అడుగున ఎర్ర అట్ట ఖాతా పుస్తకం ఒకటి బయటపడింది. మా మనవరాలు నాలుగు పేజీలు తిప్పి ముక్కు చిట్లించింది.

"గిదేంది తాతా? పేరు, కిలోలు. పేరు, కిలోలు. కిరాణం బాకీలా?"

"బాకీలు కాదు బిడ్డా, బంగారం."

వరంగల్ చుట్టుపక్కల వాళ్ళకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. దూరపు వాళ్ళ కోసం చెబుతున్నా. మేడారంలో రెండేళ్ళకోసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. అక్కడ బంగారమంటే బెల్లం. పిల్లలు చల్లగా ఉంటే నిలువెత్తు బంగారం ఇస్తామని మొక్కుకుంటారు. కాంటాకు ఒక పక్క పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, రెండో పక్క బెల్లం పేర్చి, సమంగా తూగినంత తల్లుల గద్దెల దగ్గర సమర్పిస్తారు. మా పెద్దోడు పుట్టినప్పుడు మా అమ్మ అలాగే మొక్కింది. ఒక్కసారికే మొక్కిందో, ప్రతి జాతరకూ మొక్కిందో తర్వాత ఆమెకే గుర్తులేదు. దేవతలతో అనుమానం దేనికని ప్రతిసారీ తూయించింది. నేను సైన్సు పంతుల్ని. తూచింది రాసిపెట్టకపోతే నాకు నిద్ర పట్టదు. 1980 జాతర నుంచి రాస్తూ వచ్చా. ఒక్కో జాతరకు ఒక్కో అడ్డవరస, ఒక్కో పిల్లకు ఒక్కో నిలువు గడి. మా పెద్దోడు, మా అమ్మాయి, మేనకోడలు, తర్వాత మనవళ్ళు, మనవరాళ్ళు.

మనవరాలు హనుమకొండలోనే డిగ్రీ చదువుతోంది. సైకాలజీ ఒక సబ్జెక్టు. పుస్తకాన్ని ఇంకాసేపు చూసి, గోడకానుకుని కూర్చుండిపోయింది. "తాతా, మా మొదటి పాఠం మొత్తం గిండ్లనే ఉంది!"

తల్లి కడుపులో పడ్డప్పటి నుంచి కాటికి చేరేదాకా మనిషి ఎలా మారుతూ పోతాడో చదివే శాస్త్రం వాళ్ళది. అందులో పెద్ద చిక్కల్లా ఒకటే. చదివేవాడికీ ఒక్క బతుకే, చదవబడేవాడికీ ఒక్క బతుకే. మొక్కజొన్న మీద పరిశోధన చేసేవాడు ఒక జీవితంలో ఎన్నో పంటలు చూస్తాడు. ఎనభై ఏళ్ళ మనిషిని ఆసాంతం చూడాలంటే ఎవరి వల్లవుతుంది?

ఒక దారి, వేలు పెట్టి గడిని పైనుంచి కిందికి చదవడం. అంటే ఒక్క మనిషినే పట్టుకుని ఏళ్ళ తరబడి వెంట నడవడం. దీన్నే లాంగిట్యూడినల్ పద్ధతి అంటారు, పాఠ్యపుస్తకాల్లో అనుదైర్ఘ్య పద్ధతి అని రాస్తారు. ఫ్రాన్సులో మాంబెయార్ అనే ఆయన 1759లో పుట్టిన తన కొడుకు ఎత్తును పద్దెనిమిదేళ్ళ పాటు కొలుచుకుంటూ పోయాడు. ఆ లెక్కలను ఆయన మిత్రుడు బుఫోన్ తన ప్రకృతి చరిత్ర గ్రంథంలో అచ్చువేశాడు. పసితనంలో చకచకా పెరిగిన పిల్లవాడు క్రమంగా నెమ్మదిస్తాడనీ, పద్నాలుగు పదిహేనేళ్ళప్పుడు మళ్ళీ ఒక్క ఊపున లేస్తాడనీ అందులో స్పష్టంగా కనబడుతుంది.

ఆ ఊపు మా పుస్తకంలోనూ ఉంది. మా పెద్దోడు పదకొండేళ్ళకు 25 కిలోలు, పదమూడుకు 30, పదిహేనుకు 42. ఆ 1994 జాతరకు బెల్లం కొట్టులో మా అమ్మ మొహం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. మా అమ్మాయి పదకొండేళ్ళకు 29, పదమూడుకు 39, పదిహేనుకు 44. అంటే ఆడపిల్ల పదకొండుకీ పదమూడుకీ మధ్య పది కిలోలు లేచింది. మగపిల్లవాడు ఇంకో రెండేళ్ళు ఆగి పన్నెండు కిలోలు లేచాడు. మనవరాలు గబగబా సెల్‌ఫోన్‌లో సగటు తీసింది. మొదటి రెండేళ్ళలో ఏడున్నర, తర్వాతి రెండేళ్ళలో ఎనిమిదిన్నర. ఎక్కడా ఊపు లేదు, నున్నటి ఏటవాలు. అట్లా పెరిగిన పిల్ల మా ఇంట్లో ఎవరూ లేరు! వేలమంది పిల్లల సగటు గీసినా జరిగేదిదే. ఒక్కొక్కరూ ఒక్కో ఏడు ఎగురుతారు కాబట్టి అందరి గంతులూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి చదునైపోతాయి. పిల్లవాడు సగటుకు తగ్గట్టు లేడని డాక్టరు దగ్గరికి పరుగెత్తే అమ్మానాన్నలకు ఈ రెండు వరసలూ చూపించాలనిపిస్తుంది నాకు.

ఇంకో దారి, వేలిని అడ్డంగా జరపడం. ఒకే జాతరకు వచ్చిన వేర్వేరు వయసుల వాళ్ళను పక్కపక్కన నిలబెట్టి చూడటం. క్రాస్ సెక్షనల్ అంటారు. ఏళ్ళ తరబడి ఆగే పనిలేదు, ఒక్క రోజులో తేలిపోతుంది. అందుకే పరిశోధకులకు ఇదంటే మక్కువ. కానీ ఇది మహా మాయదారి దారి. మా ఇంట్లోనే చూడండి. మా అమ్మ నా భుజం దాకా ఉండేది. నేను మా వాడి చెవి దాకా వస్తా. ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి మా ముగ్గుర్నీ వరసలో నిలబెట్టి కొలిస్తే, మనిషి వయసు పెరిగేకొద్దీ జానెడు జానెడు కుంగిపోతాడని రాసుకుని వెళ్ళేవాళ్ళు. ముసలితనంలో కాస్త కుంగుతాం, నిజమే. అయితే మా అమ్మ ఎప్పుడూ పొడుగు లేదు. ఆమె తిన్నది జొన్న గటక. మావాడు తిన్నది అన్నం, పప్పు, గుడ్డు.

ఎత్తు విషయంలో ఈ పొరపాటు ఎవరైనా పట్టేస్తారు. తెలివి విషయంలో మాత్రం పెద్దపెద్ద వాళ్ళే చాలాకాలం బోల్తాపడ్డారు. అన్ని వయసుల వాళ్ళకూ ఒకే పరీక్ష పెడితే ముప్ఫై దాటిన దగ్గర్నుంచి మార్కులు జారుతూ వచ్చేవి. ఇంకేం, మెదడు ముప్ఫై నుంచే వాడిపోతుందన్నారు. 1956లో అమెరికాలోని సియాటెల్‌లో వార్నర్ షాయి అనే పరిశోధక విద్యార్థి 500 మందికి అలాంటి పరీక్షలు పెట్టాడు. ఏడేళ్ళాగి మళ్ళీ వాళ్ళకే పెట్టాడు, కొత్త వాళ్ళను కూడా చేర్చుకున్నాడు. అట్లా ఏడేళ్ళకోసారి దశాబ్దాల పాటు సాగింది. వెంట నడిచి చూస్తే చాలామందిలో చాలా శక్తులు అరవై దాకా నిలబడే ఉన్నాయి. అడ్డంగా చూసినప్పుడు కనబడ్డ దిగుడులో సింహభాగం వయసుది కానే కాదు, ఈడుది.

ఈడు అన్న మాటను మనం పెళ్ళి సంబంధాలకే వాడి పాడుచేశాం కానీ, పరిశోధకులు కొహార్ట్ అనేదానికి ఇంతకంటే మంచి మాట నాకు తోచదు. ఒకే కాలంలో పుట్టి, ఒకే కాలపు ఎండావానా తిన్నవాళ్ళు. మా అమ్మ ఈడుకు నిజాం రాజ్యంలో వందలో పదిమందికి కూడా అక్షరం రాదు. ఆమె ముందూ నా మనవరాలి ముందూ ఒకే ప్రశ్నపత్రం పెట్టి, ముసలితనం వల్ల తెలివి తగ్గిందంటే ఎట్లా? ఆమెకు ఎన్నేళ్ళని అడిగితే, "రజాకార్లు వచ్చినప్పుడు నేను మేకలు కాసెటంత ఉంటి" అనేది. సర్వేలకు తిరిగేవాళ్ళు ఇలాంటి వాళ్ళ వయసు పట్టుకోవడానికి కరువులు, జాతరలు, పోలీస్ యాక్షన్ వరసగా రాసుకున్న పట్టీ పట్టుకెళతారు. అది లేకపోతే అందరూ నలభై, యాభై, అరవై అని గుండు సున్నాల దగ్గరే ఆగుతారు. నా సంగతి మాత్రం గొప్పగా ఉందా? నేను పుట్టింది వానాకాలం నాట్లప్పుడు. బళ్ళో వేసిన పంతులు జులై 1 అని రాసేశాడు. మా క్లాసులో సగంమందికి అదే రోజు పుట్టినరోజు!

పాల్ బాల్టెస్ అనే జర్మన్ శాస్త్రవేత్త మనిషిని మలిచేవి మూడు తీరులుగా ఉంటాయన్నాడు. వయసుతో అందరికీ వచ్చేవి ఒకటి, పళ్ళు రావడం లాంటివి. కాలంతో ఒక ఈడు వాళ్ళందరికీ వచ్చేవి రెండోది. 1969 తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడి మా ఈడు వాళ్ళకు ఒక ఏడాది చదువు పోయింది. అది నా వయసు తప్పు కాదు, నా తెలివి తప్పు కాదు. ఇక మూడోది ఎవరికి వాళ్ళకే తగిలేది, ఒకరికి లాటరీ, ఒకరికి లారీ. వికాసం చిన్నతనంతో అయిపోదని కూడా ఆయనే గట్టిగా వాదించాడు. ఏ వయసులోనైనా కొంత వస్తుంది, కొంత పోతుంది. మా ఆవిడ కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుంది. కానీ పరకాల నుంచి నర్సంపేట దాకా ఎవరికి ఎవరు ఏ వరస అవుతారో ఆమెను అడగాల్సిందే.

"మరి గీ మూలకు చూస్తే?" అంది మనవరాలు, పుస్తకం మీద వేలిని ఏటవాలుగా పెట్టి. నేను మురిసిపోయిన మాట నిజం. 1984 జాతరకు అయిదేళ్ళ పెద్దోడు 14 కిలోలు. 2018 జాతరకు వాడి కొడుకు, అదే అయిదేళ్ళ వయసులో, 18 కిలోలు. వయసు ఒకటే, కాలం మారింది. ఈ మూడు చూపులూ కలిపితేనే వయసు ఎంత, ఈడు ఎంత, కాలం ఎంత అని విడదీయడానికి కాస్త వీలు చిక్కుతుంది.

ఇది మా అటక మీద మాత్రమే ఉన్న విద్య అనుకోకండి. యంగ్ లైవ్స్ అని ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ పరిశోధన ఒకటి 2002లో ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. అప్పటికి ఏడాది వయసున్న పసివాళ్ళు 2,000 మంది, ఎనిమిదేళ్ళ వాళ్ళు 1,000 మంది. శ్రీకాకుళం నుంచి మహబూబ్‌నగర్ దాకా ఊళ్ళు ఎంచారు. మన పక్కనున్న కరీంనగర్ ఉంది, వరంగల్ లేదు. ("మనమేం పాపం జేసినం?" అంది మనవరాలు.) మూడు నాలుగేళ్ళకోసారి అవే ఇళ్ళకు వెళ్ళారు. 2009లో చిన్న జట్టుకు ఎనిమిదేళ్ళు వచ్చేసరికి, 2002 నాటి పెద్ద జట్టు ఎనిమిదేళ్ళ లెక్కలు పక్కన సిద్ధంగా ఉన్నాయి. మన ఏటవాలు వేలు అదే! రాష్ట్రం రెండయినా జాబితా ఒక్కటిగానే సాగింది. కరోనా వచ్చి గడప తొక్కడానికి లేనప్పుడు ఫోన్లు చేశారు. పసితనంలో గిడసబారిన పిల్లలు కొందరు తర్వాత పుంజుకోవడం ఈ లెక్కల్లో కనబడింది. రెండేళ్ళు దాటాక ఇంతే సంగతులు అనుకునే వాళ్ళు రెండోసారి ఆలోచించాల్సి వచ్చింది.

ఇంకొకటి నాకు మరీ ఇష్టం. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్ళలో జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు ఒక అధ్యయనం చేశారు. అంగన్‌వాడీ పథకం అప్పుడు విడతలుగా వస్తోంది. 15 ఊళ్ళకు వచ్చింది, 14 ఊళ్ళకు ఇంకా రాలేదు. వచ్చిన ఊళ్ళలో గర్భిణులకూ ఆరేళ్ళ లోపు పిల్లలకూ మొక్కజొన్న, సోయా పిండితో ఉప్మా వండి పెట్టేవాళ్ళు. ఎవరి నోటి ముందు కూడూ లాగలేదు, వంతు వచ్చేలోగా పోల్చి చూశారంతే. 2003 తర్వాత మళ్ళీ ఆ ఊళ్ళకు పోయి, పదమూడు పద్దెనిమిదేళ్ళ మధ్య వాళ్ళయిన ఆ పిల్లల్ని కొలిచారు. ఉప్మా ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. అంతేనా అనకండి. వాళ్ళ రక్తనాళాల బిరుసు కూడా తక్కువ, ఇన్సులిన్ పనితీరు కూడా మెరుగు. ఊళ్ళను చీటీలు వేసి ఎంచలేదు కాబట్టి అంతా ఉప్మా మహిమే అని ఒట్టేసి చెప్పలేం. ఊరికీ ఊరికీ మధ్య ఇంకేవో తేడాలు ఉండొచ్చు. అయినా అమ్మ కడుపులో ఉన్నప్పుడు తిన్న ముద్దకు పదిహేనేళ్ళ తర్వాత జవాబు వెతకడం చిన్న ఓపికా?

మా పుస్తకంలోని లొసుగులు కూడా మనవరాలే పట్టింది. 1998 వరస ఖాళీ. ఆ ఏడు ఇంట్లో జబ్బు చేసి జాతరకు పోలేదు. పెళ్ళయి అమెరికా పోయిన మేనకోడలి గడి మధ్యలోనే ఆగిపోయింది. వెంట నడిచే పరిశోధనకు ఇదే పెద్ద శత్రువు, జారిపోయే వాళ్ళు. జారిపోయేవాళ్ళు మిగిలినవాళ్ళ లాంటివాళ్ళే అయితే ఫరవాలేదు. బాగా చితికిన వాళ్ళో, బాగా పైకొచ్చిన వాళ్ళో పోతే మిగిలిన లెక్క అబద్ధమాడుతుంది. పైగా కాంటా దగ్గర మా అమ్మ, "అమ్మవారికి తక్కువ బెడ్తమా" అని ప్రతిసారీ ఒక దిమ్మె ఎక్కువ వేయించేది. అంటే మా తూకాలన్నీ భక్తితో కాస్త పైకి జరిగినవే.

అన్నింటికంటే అసలు లొసుగు, ఇందులో ఉన్నది పెరుగుదల. వికాసం లేదు. ఆలోచన ఏ కాంటాకు తూగుతుంది? జీన్ పియాజే చేసిన పాల పరీక్షను మనవరాలు పక్కింటి అయిదేళ్ళ బుడ్డోడి మీద చేసి చూపింది. రెండు ఒకే తీరు గాజు గ్లాసుల్లో సమానంగా పాలు. "ఎండ్ల ఎక్కువున్నయ్ రా?" "రెండిట్ల గంతే." వాడి ముందే ఒక గ్లాసులోని పాలను సన్నటి పొడుగు గ్లాసులో ఒంపింది. "ఇప్పుడు?" వాడు పాలకేసి చూడలేదు, ఆమె మొహంకేసి చూశాడు. తర్వాత పొడుగు గ్లాసు చూపాడు. ఈ వయసు పిల్లలకు రూపం మారితే పరిమాణం మారినట్టే అని ఆమె రాసుకుంటుంటే ఆపాను. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి. పంతులు అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగాడంటే, మొదటి జవాబు తప్పని పిల్లలకు అర్థం. 1970లలో ఇదే అనుమానం వచ్చి కొందరు ఒక్కసారే అడిగి చూశారు. సరిగ్గా చెప్పిన పిల్లలు ఎక్కువయ్యారు.

"మరి పియాజే తప్పా తాతా?"

"పూర్తిగా కాదు బిడ్డా. ఒక్కసారే అడిగినా తప్పు చెప్పేవాళ్ళు ఉండనే ఉన్నరు. నువ్వు పాలను కొలుస్తున్ననుకున్నవ్, కొంత నీ మొహాన్ని కూడా కొలిచినవ్." ఈలోగా బుడ్డోడు రెండు గ్లాసులూ తాగేశాడు.

జనవరి నెలాఖరుకు జాతర వచ్చింది. బెల్లం కొట్టులో పిల్లల తూకాలయ్యాయి. మనవరాలు పుస్తకం మూయకుండా నా వంక చూసింది. "పుట్టుక నుంచి చివరి దాక అంటవ్, గీ పుస్తకంల పెద్దోల్లు ఒక్కలు లేరేంది? కాంటా ఎక్కు."

డెబ్భై రెండేళ్ళ వయసులో ఎక్కాను. ముల్లు 61 దగ్గర ఆగింది. కొట్టతను 62 అనబోతే ఆమె ఊరుకోలేదు. కొత్త గడి గీసి, పైన 'తాత' అని రాసి, 61 వేసి, ఒక చుక్కతోటి గీత రాదు తాతా, 2028ల మళ్ల రావాలె అంది.