పాత కారు – పాఠ పరిష్కరణము

అమీర్‌పేట కూడలిలో నిలిచి చూచువారికి వాహనముల వరుస తెగదు. వానిలో నేడు మెరయుచున్నవి చాలవరకు కొన్నియేండ్లకే తుక్కు బేరగాని పాలగును. ప్రక్కనే పంజాగుట్టలో, నిజాము కొలువులోని ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్ భవనము కలదు. అట్టి ప్రభువుల కాలముననే ఈ నగరమునకు మోటారు కారు వచ్చెను. ఆనాటి బండి యొకటి నేటికిని పాతబస్తీలోని చౌమహల్లా ప్రాసాదమున నిలిచియున్నది.

అది పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్. వెనుకభాగమున గద్దె వంటి ఆసనముండుటచే దానిని సింహాసన రథమనవచ్చును. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ దానిని చేయింప నాజ్ఞాపించి, 1911 ఆగస్టు 29న కన్నుమూసెను. బండి వచ్చునప్పటికి కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్ ప్రభువై యుండెను. ఉత్సవములకు తప్ప బయటికి తీయని బండి గనుక అది తిరిగిన దూరము కొన్ని వందల మైళ్లే. కోరినవాడు ఎక్కలేదు, ఎక్కినవాడు ఎక్కువగా తిరుగలేదు.

ఇట్టి బండి చరిత్రను ఎట్లు తెలిసికొందురు? ఆ కాలమున రోల్స్ రాయిస్ సంస్థ చట్రమును, ఇంజనును మాత్రమే చేసెడిది. పై గూడు వేరొకరి పని. దీనికి లండనులోని బార్కర్ సంస్థ గూడు కట్టెను. చట్రముపై ఒక సంఖ్య, ఇంజనుపై ఒక సంఖ్య యుండును. ప్రతి చట్రమునకు ఒక పత్రముండెడిది. ఆ పత్రములను ఇంగ్లండులోని అభిమానుల సంఘము భద్రపరచుచున్నది. 1906 మొదలు 1926 వరకు వేలకొలది సిల్వర్ గోస్ట్ బండ్లు తయారైనవి. వానిలో గూడు మారినవి పెక్కులు. సంఖ్యలు పత్రముతో సరిపోయినప్పుడే బండి వంశచరిత్ర నమ్మదగును.

బాగుచేయుట అంతకంటె కష్టము. నడచి అరగుట ఒక వ్యాధి; నడవకుండుట మరొక వ్యాధి. నూనె గట్టిపడును, రబ్బరు పగులును, నీటి దారులు త్రుప్పుపట్టును. వీనిని సరిచేయక తప్పదు. కాని పనివాని ఉత్సాహము అచట ఆగదు. పాత రంగును గీకి క్రొత్త రంగు వేయును. నికెల్ పూత తీసి క్రోమియం పూయును. క్రోమియం పూత కార్లకు వాడుకలోనికి వచ్చినది 1920ల చివరి భాగముననే. 1912 నాటి బండికి అది పరాయి నగ.

తెలుగు విద్యార్థికి ఈ చిక్కు క్రొత్తది కాదు. సి.పి. బ్రౌను వేమన పద్యములను 1829లో అచ్చొత్తించుటకు ముందు పెక్కు ప్రతులు సేకరించి పోల్చి చూచెను. తాళపత్రము చిరిగిన చోట తన పద్యము నతికించువాడు పరిష్కర్త కాడు. చిరిగినదని చూపువాడే పరిష్కర్త. కారును బాగుచేయువానికిని ధర్మమిదియే. క్రొత్తగా చేర్చిన భాగమును గుర్తించి వ్రాయవలెను. తీసిన పాత భాగమును పారవేయరాదు.

చౌమహల్లా పునరుద్ధరణమునకు 2010లో యునెస్కో పురస్కారము లభించినది. ఎర్రమంజిల్‌ను కూల్చవలెనన్న నిర్ణయమును 2019 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు కొట్టివేసినది. ఆ చోట్లకు పిల్లలను తీసికొనిపోవు ఉపాధ్యాయులు, మెరుగును మెచ్చుకొనుటతో పాటు, ఇందులో పాతది ఎంత, క్రొత్తది ఎంత అని అడుగుటను గూడ వారికి నేర్పవలెను.