ఉత్తర తెలంగాణమున ఉక్కు పరిశ్రమ: అవశేషములు, పలుకుబళ్లు

ఉక్కు అను పదమునకు తెలుగున రెండర్థములు కలవు. ఒకటి లోహవిశేషము, రెండవది బలశౌర్యములు. పగవాని యుక్కడచుట యన్నచో కవి తలచునది లోహమును గాదు. అయినను ఈ రెండర్థములకును గల సంబంధము నిఘంటువులయందుకంటె గోదావరి కిరుదరులనున్న పల్లెల పొలములయందు స్పష్టముగా గోచరించును. పూర్వపు ఆదిలాబాదు, కరీంనగరము, నిజామాబాదు జిల్లాలలో నాగలి సాగినచోట్ల నల్లని బరువైన గడ్డలు బయల్పడుచుండుట కలదు. వీనినే చిట్టెమందురు. వైద్యశాస్త్రమున మండూరమనియు లోహకిట్టమనియు వ్యవహరింపబడునది యిదియే. ఖనిజమునుండి ఇనుమును వేరుచేయునపుడు కరగి జారిన మలినాంశమిది. ఈ సీమ లోహము దేశాంతరములకు పోయిన కాలమునకు ఈ గడ్డలే శాసనములు.

ఈ పరిశ్రమను గూర్చి పరదేశీయులు వ్రాసిన సాక్ష్యములు కొన్ని కలవు. 17వ శతాబ్దమున సంచరించిన ఫ్రెంచి యాత్రికులలో తవెర్నియే గోలకొండ రాజ్యపు ఉక్కు పారసీకమునకు పోవుచుండెనని వ్రాసెను. తెవెనో ఇందల్వాయిలో తయారగు కత్తులను, బల్లెములను పేర్కొనెను. వీరికంటె విపులముగా వ్రాసినవాడు హెన్రీ వెస్లీ వాయిసీ. ఆయన లాంబ్టను నడపిన త్రికోణమితి సర్వేయందు వైద్యుడు, భూగర్భశాస్త్రజ్ఞుడు. కోనసముద్రమున జరుగు పనిని స్వయముగా చూచి వ్రాసిన ఆయన వృత్తాంతము, 1824లో ఆయన మరణించిన పిమ్మట, 1832లో వంగదేశపు ఏషియాటిక్ సొసైటీ పత్రికయందు వెలువడెను.

ఆ వృత్తాంతము ననుసరించి, రెండు వేర్వేరు చోటుల ఇనుమును మూడుపాళ్లకు రెండుపాళ్లు చొప్పున మూసలలో నింపి, మూతలు మట్టితో బిగించి, కొలిమిలో ఇంచుమించు ఒక దినము కాల్చెడివారు. మూస చల్లారిన తరువాత దానిని పగులగొట్టి బిళ్లను తీసి, దానికి మట్టి పూసి మరల మరల కాచి, కాఠిన్యమును తగ్గించెడివారు. నిర్మల సీమలోని దిమ్మదుర్తి ప్రాంతపు అయస్కాంత ఖనిజము ఈ పనికి ప్రసిద్ధి కెక్కినది. ఇస్ఫహాను నగరమునుండి వచ్చి ఉక్కు కొనుగోలు చేయుచున్న యొక వర్తకుని వాయిసీ అచ్చట కలిసికొనెను. తమ దేశమున ఈ పనిని అనుకరింప జూచిరిగాని నెరవేరలేదని ఆ వర్తకుడు చెప్పినట్లు ఆయన వ్రాసెను.

మన లోహముతో బాటు మన పదమును ఐరోపాకు పోయెను. 1794లో బొంబాయినుండి లండనునకు కొన్ని ఉక్కుబిళ్లలు పంపబడెను. 1795లో జార్జి పియర్సను వానిని పరీక్షించి ప్రకటించిన వ్యాసమున ఈ లోహము ఊట్జ్ అను పేర కన్పట్టుచున్నది. తరువాత ఫారడే మొదలగువారును ఇట్టి ఉక్కును పరిశోధించిరి. కన్నడమునకును తెలుగునకును సాధారణమైన ఉక్కు శబ్దమే వ్రాతలోనో అచ్చులోనో ఇట్లు మారినదని పలువురి మతము. లోహము పేరు వికృతరూపముననైనను ప్రపంచమున నిలిచినది. దానిని చేసినవారి పనిమాటలు మాత్రము గ్రంథములకు ఎక్కలేదు. ఇచ్చటనే విచారింపవలసిన విషయము కలదు.

19వ శతాబ్దమున పాశ్చాత్య యంత్రశాలల చౌక ఉక్కు వచ్చుటచేతను, బొగ్గునకు వలయు అడవులపై కట్టడులు హెచ్చుటచేతను, ఆయుధముల గిరాకి సన్నగిల్లుటచేతను ఈ కొలుములు క్రమముగా చల్లారెను. వాని జాడలను వెదకుటకు నేటి కాలమున జరిగిన కృషి శ్లాఘనీయము. 1980ల నాటినుండి తెల్మా లో ఈ ప్రాంతపు మూసముక్కలను పరిశోధించి, ఆ మట్టిలో వరిపొట్టు కలిపిన విధమును, అది తీవ్రమైన వేడిని సహించిన కారణమును వివరించెను. తెలంగాణపు ఇనుము, ఉక్కు పరిశ్రమల చరిత్రను ఎస్. జైకిషన్ గ్రంథస్థము చేసెను. 2010లో బెంగుళూరు జాతీయ ఉన్నతాధ్యయన సంస్థయు, ఇంగ్లండులోని ఎక్సిటరు విశ్వవిద్యాలయమును కలిసి, శారదా శ్రీనివాసన్, జిల్ జూలెఫ్ మున్నగువారితో ఉత్తర తెలంగాణ గ్రామములయందు క్షేత్రపరిశీలనము జరిపించెను. పొలములను నడచి చూచుటతో తృప్తినొందక, గ్రామవృద్ధుల జ్ఞాపకములను, కమ్మరుల యిలువేల్పగు మమ్మాయి దేవత గుళ్లను గూడ గమనించుట ఈ పరిశీలనమునకు విశేషము.

అవశేషములను గుర్తించునపుడు ఒక భేదమును మరువరాదు. చిట్టెము కన్పట్టిన ప్రతిచోటను ఉక్కు చేయబడినదని తలచుట పొరపాటు. జారి గడ్డకట్టిన చారలతో బరువుగా నుండు చిట్టెము ఇనుము తీసినందుకు గుర్తు. గాజువలె నిగనిగలాడు పైపూతగల నల్లని మూసముక్కలు, మూతల తునకలు దొరకినచోటనే ఉక్కు వండిరని చెప్పవచ్చును. మొదటివి పెక్కు గ్రామములలో నున్నవి, రెండవవి కొలదిచోటుల మాత్రమే కలవు.

ఈ భేదమునకు భాషయు సాక్ష్యమిచ్చును. ఖనిజమునుండి ఇనుము తీయువారిని ముద్దకమ్మరులందురు. ఆ కొలిమిలో మలినము ద్రవించి జారిపోవును గాని ఇనుము నీరుగా పారదు, రంధ్రములు గల ముద్దగా అడుగున మిగులును. దానిని సమ్మెటతో మోది చిక్కబరుతురు. శాస్త్రజ్ఞులు పుటలకొలది వివరించు ప్రక్రియను ఈ కులనామమొక్కటే చెప్పుచున్నది. మూసలో పూర్తిగా కరగిన ఉక్కు వేరు, కొలిమిలోని ముద్ద వేరు. ఆ పేరు మరుగుపడినచో ఈ తెలివియు దానితోనే పోవును.

ఇంగ్లండున కోల్‌బ్రూక్‌డేలులో 1709లో అబ్రహాము డార్బీ రాకాసిబొగ్గు కోకుతో ఇనుము తీసిన కొలిమి నేటికిని నిలిచియున్నది. ఆ లోయను రక్షించుటకు 1967లో ఒక ధర్మసంస్థ ఏర్పడెను. 1986లో అది ప్రపంచవారసత్వ స్థలమయ్యెను. మన కొలుములకు అట్టి యదృష్టము లేదు. ముద్దను తీయుటకు కొలిమిని, బిళ్లను తీయుటకు మూసను పగులగొట్టుట ఇచ్చటి పనిలోని భాగమే. కావున చూచువారికి కోటవలె నిలిచిన కట్టడము మిగులలేదు, మిగిలినది పారవేసిన చిట్టెమే. అదియు పొలముల చదునులో, బాటల పరపులో కరగిపోవుచున్నది. దానిని అపురూపముగా చూడవలెనన్న తలపు గ్రామస్థులకు కలుగకున్న ఏ శాసనమును దానిని కాపాడజాలదు.

ఇట్టిచోట పాఠశాలా పండితులు చేయదగిన పని యొకటి కలదు. తిత్తి, మూస, దాగలి, పటకారు, పదును మొదలగు మాటలను ఆ యా గ్రామములలో పలుకు తీరున వ్రాసికొనుటయు, చిట్టెపుదిబ్బలున్న చేల పేర్లను సేకరించుటయు, పిల్లలను అచ్చటికి గొనిపోయి చూపుటయు ధనముతో పనిలేనివి. పరిశోధకులు గడ్డలను తూచి పరీక్షింతురు. ఆ గడ్డకు ఊరివారు పెట్టిన పేరు చెప్పగలవాడు ఊరి వృద్ధుడే. దిబ్బలు చదునైనను కొంత జాడ మిగులవచ్చును. ఆ వృద్ధుని మాట పోయిన పిమ్మట త్రవ్వి తీయుటకు ఏమియు నుండదు.