ఆరిపోనివ్వని నిప్పు

గుడిలో దీపానికి గొర్రెలిచ్చినవాళ్ల పేర్లు రాళ్లకెక్కాయి. పొయ్యి ఆరకుండా చూసిన ఆడవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

నందికొట్కూరు నుంచి ఆత్మకూరు వెళ్లే దారిలో పాములపాడు వస్తుంది. అక్కడి నుంచి నల్లమల ఎంతో దూరం కాదు. ఈ పల్లెల్లో రెండు రూపాయలిస్తే అగ్గిపెట్టె దొరుకుతుంది. కానీ గీస్తే వెలిగే పుల్లలను జాన్ వాకర్ ఇంగ్లండులో అమ్మకానికి పెట్టిందే 1827లో. అంతకుముందు? నిప్పు పుట్టించడం మనవాళ్లకు ఏనాటి నుంచో తెలుసు. బేతంచర్ల దగ్గర ముచ్చట్ల చింతమాను గవిలో బయటపడిన పొయ్యి ఆనవాళ్లకు సుమారు 17 వేల ఏళ్లని లెక్కగట్టారు. కాకతీయుల కాలానికీ, విజయనగర కాలానికీ అసలు తిప్పలు పుట్టించడంలో లేవు, కాపాడుకోవడంలోనే ఉన్నాయి.

చెకుముకి సంగతే తీసుకోండి. రవ్వ రాతిలోంచి వస్తుందనుకుంటాం. నిజానికి ఉక్కు కంటే గట్టిదైన ఆ రాయి, ఉక్కును సన్నగా చెక్కేస్తుంది. ఆ పొట్టు గాలి తగలగానే మండుతుంది. ఆ రవ్వ దూదిలో పడి ఎర్రగా రాజుకోవాలి, దాన్ని ఎండుగడ్డిలో పెట్టి ఊదాలి. చెంచులు బూరుగు దూదిని తడి తగలకుండా దాచుకునేది ఇందుకే. దూది చెమ్మగిలితే ఎన్నిసార్లు కొట్టినా రవ్వలే తప్ప నిప్పు రాదు. యజ్ఞాలలో నిప్పు కోసం అరణి కొయ్యలను మథించేవారు కానీ, రోజూ సంగటి వండుకోవడానికి అంత శ్రమ ఎవరు పడతారు?

అందుకే రాత్రి వంటయ్యాక కణికలను బూడిదలో కప్పేవారు. తెల్లారి నివురు తొలగించి, పిడక ముక్క పెట్టి ఊదితే పొయ్యి రాజుకునేది. ఆరిపోతే పక్కింటికి పిడక పట్టుకుని పోవడమే. పొద్దుగూకాక నిప్పు బయటికివ్వకూడదని ఆచారం. ఆ ఆంక్ష పెట్టింది ఎవరో గానీ, నిప్పారిన ఇంట్లో పిల్లలున్న తల్లి కాదని మాత్రం చెప్పొచ్చు!

గుడిలో అఖండ దీపానికి మాత్రం గట్టి ఏర్పాటుండేది. ద్రాక్షారామం వంటి చోట్ల శాసనాలు చూడండి: దాత ఒక దీపానికి 50 గొర్రెలిస్తాడు. వాటిని చేపట్టిన బోయ రోజూ మానెడు నెయ్యి గుడికి కొలవాలి. ముసలివి చస్తే పిల్లలు ఆ లెక్కను నింపుతాయి కాబట్టి మంద తరగదు, దీపం కొండెక్కదు. దానం దాతది, చాకిరీ బోయది. ఇళ్లలో మాత్రం ఆముదం ప్రమిద కూడా పొదుపుగానే వెలిగేది. తర్వాత విజయనగర కాలంలో రాజధానిలో వెలుగు ఏరులై పారింది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, మహర్నవమి రాత్రుల దివిటీలనూ బాణసంచానూ వర్ణించాడు.

నల్లమలలో ఇప్పుడు కష్టం తిరగబడింది, నిప్పును నిలబెట్టడం కాదు, ఆర్పడమే పని. శివరాత్రికి, ఉగాదికి వెంకటాపురం, నాగలూటి మీదుగా శ్రీశైలం నడిచేవాళ్లకు ఒక మాట. ఎండుటాకుల మధ్య నిప్పు రాజేయకండి, బీడీ ముక్క విసరకండి. ఎక్కడైనా బూడిద కనిపిస్తే పైకి చల్లగా ఉందని నమ్మొద్దు. నీళ్లు పోసి, కలియబెట్టి, అడుగుదాకా ఆరిందని చూసుకున్నాకే ముందుకు కదలండి.