గురి తప్పినవాడు

థీబ్స్ నగరాన్ని మహమ్మారి పట్టింది. పైర్లు మాడిపోతున్నాయి, మందలు కూలిపోతున్నాయి, పుట్టే బిడ్డ బతికి బట్టకట్టడం లేదు. జనం చేతుల్లో కొమ్మలు పట్టుకుని వచ్చి రాజు వాకిట్లో కూర్చున్నారు. రాజు భటుణ్ణి పంపలేదు, తానే బయటికి వచ్చాడు. వాళ్లు అడగకముందే బావమరిది క్రియోన్‌ను డెల్ఫీలోని అపోలో గుడికి పంపి ఉన్నాడు. ఇంత మంచి రాజును గ్రీకు నాటకకర్త సోఫొక్లిస్ మన ముందు నిలబెట్టింది సాయంత్రంలోగా కూల్చడానికే. ఆ రాజు పేరు ఈడిపస్.

గ్రీకు విషాద నాయకుడు అనగానే చాలామందికి కాలేజీలో ఇంగ్లీషు పాఠం గుర్తొస్తుంది. గొప్పవాడు, కానీ గుణంలో ఒక లోపం, ఆ లోపం వల్ల పతనం. పరీక్షలో రాయడానికి బాగుంటుంది. ఈడిపస్‌కు కోపం లేదా అహంకారం, మరొకడికి పేరాశ అని అంటగట్టి చేతులు దులుపుకోవచ్చు. ఆ పాఠం ఈడిపస్‌కు అన్యాయం చేసిందని నా నమ్మకం.

సోఫొక్లిస్ క్రీ.పూ. 406 ప్రాంతంలో పోయాడు. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పుట్టిన అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో విషాద నాయకుడి గురించి రాశాడు. మరీ పుణ్యాత్ముడు కూలిపోతే చూసేవాళ్లకు ఏవగింపు కలుగుతుంది, దుర్మార్గుడు కూలిపోతే జాలి పుట్టదు. ఈ ఇద్దరికీ నడుమ ఉన్నవాడు కావాలి. అతడు పడిపోయేది దుష్టత్వం వల్ల కాదు, ‘హమార్తియా’ వల్ల. ఈ మాటకు మూలమైన క్రియను హోమర్ కాలంలో ఈటె గురి తప్పినప్పుడు వాడేవారు. విసిరినవాడికి కన్నూ ఉంది, చెయ్యీ ఉంది, ఈటె మాత్రం పక్కన పడింది. చాలాకాలం తర్వాత బైబిలు కొత్త నిబంధన గ్రీకులో ఇదే మాట పాపం అన్న అర్థంలో స్థిరపడింది. ఆ నీడ వెనక్కి పాకి, అరిస్టాటిల్ చెప్పిన పొరపాటు కాస్తా శీలదోషమై కూర్చుంది.

ఇప్పుడు ఈడిపస్ కథను మళ్లీ చూడండి. తండ్రిని చంపి తల్లిని పెళ్లాడతావని డెల్ఫీ దైవవాక్కు చెప్పింది. ఆ పాపం తగలకూడదనే అతడు కోరింథ్‌లో తన తల్లిదండ్రులని నమ్మినవాళ్లకు దూరంగా పారిపోయాడు. మూడు దారులు కలిసే చోట రథంలోని ముసలాయన దారి తొలగమని నెత్తిన ములుకర్రతో కొట్టాడు. ఇతడు తిరగబడి చంపాడు. కోపమే, కాదనను. కానీ ఆయన తన కన్నతండ్రి, థీబ్స్ రాజు లైయస్ అని అతడికెలా తెలుస్తుంది? థీబ్స్‌ను పీడిస్తున్న రాక్షసి స్ఫింక్స్ పొడుపుకథ విప్పి ఊరిని కాపాడినందుకు ప్రజలు సింహాసనం ఇచ్చారు, దాంతోపాటు విధవ రాణి జొకాస్టానూ ఇచ్చారు. ప్రతి అడుగూ తనకు తెలిసినంతలో సరైనదే. తెలిసినదే తప్పు.

నాటకం మొదలయ్యేసరికి ఇదంతా జరిగిపోయింది. రంగం మీద ఎవరూ ఎవరినీ చంపరు, మనం చూసేది ఒక విచారణ మాత్రమే. లైయస్‌ను చంపినవాణ్ణి వెలివేస్తే మహమ్మారి పోతుందని దైవవాక్కు వచ్చింది. హంతకుణ్ణి శపించిన రాజే ఆరా మొదలుపెట్టాడు. అతడు అడిగిన ప్రతి ప్రశ్నా అతణ్ణే చుట్టుకుంటుంది. అక్రోపోలిస్ కొండ దక్షిణపు వాలులో, డయోనిసస్ రంగస్థలం ముందు కూర్చున్న ఏథెన్స్ జనానికి ఈ కథ ముందే తెలుసు. తెలియనిది అతడికి ఒక్కడికే.

కోరింథ్ నుంచి వచ్చిన వార్తాహరుడి ఘట్టం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. మీ తండ్రి పాలిబస్ పోయాడు, ఇక రాజ్యం మీదే అంటాడు. తండ్రిని చంపుతానన్న భయం తీరింది, తల్లి సంగతి మాత్రం ఇంకా భయపెడుతోందని ఈడిపస్ చెప్పగానే, ఆ పెద్దమనిషి ధైర్యం చెప్పబోయి, వాళ్లు నిన్ను కన్నవాళ్లు కారు, పసిగుడ్డుగా నిన్ను నా చేతుల్లోనే అందుకున్నాను అంటాడు. ఊరడించడానికి అన్న మాటే ఉరితాడైంది. కథ అడ్డం తిరగడానికి అరిస్టాటిల్ ఉదాహరణగా ఎంచుకున్నదీ ఈ ఘట్టాన్నే.

అక్కడే జొకాస్టాకు అంతా అర్థమైంది. ఇక అడగవద్దని బతిమాలింది. అతడు ఆగితే రాజుగా మిగిలేవాడు, ఊరు చచ్చేది. ఆగలేదు. ఆ వార్తాహరుడికి పసివాణ్ణి అప్పగించిన గొర్రెల కాపరిని పిలిపించి నోరు తెరిపించాడు. ఒకప్పుడు పొడుపుకథ విప్పిన బుద్ధే, ఊరిని కాపాడిన పట్టుదలే అతణ్ణి నిలువునా కూల్చాయి. దాన్ని లోపం అనడానికి నాకు నోరు రాదు.

గ్రీకు నాయకులంతా ఈ అచ్చులో పోసినవాళ్లు కారు. యూరిపిడిస్ రాసిన మెడియా తెలిసే పిల్లల్ని చంపి, సూర్యుడి రథంలో వెళ్లిపోతుంది. ఆయనదే హిప్పోలిటస్‌లో సవతితల్లి మోహం, అబద్ధపు నింద, నమ్మిన తండ్రి శాపం. ఈ వరుస వినగానే తెలుగువాడికి చిత్రాంగి, సారంగధరుడు గుర్తుకు రాక మానరు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు తెలుగులో విషాదాంత నాటకం రాయబూనినప్పుడు తీసుకున్న కథ కూడా సారంగధరుడిదే.

జొకాస్టా ఉరి వేసుకుంది. ఆమె వస్త్రానికున్న బంగారు పిన్నులతో ఈడిపస్ తన కళ్లు పొడుచుకున్నాడు. సోఫొక్లిస్ అక్కడితో అతణ్ణి వదిలిపెట్టలేదు. తొంభై ఏళ్ల వయసు దగ్గరపడుతుండగా, గుడ్డి ముసలివాడైన ఈడిపస్‌ను తాను పుట్టిన కొలోనస్ ఊరికే నడిపించి మరో నాటకం రాశాడు. అందులో అతడు తెలియక చేశానని, చట్టం ముందు నిర్దోషినని తలెత్తి చెబుతాడు. ఆ నాటకాన్ని సోఫొక్లిస్ పోయాక, క్రీ.పూ. 401లో, ఆయన మనవడు ఆడించాడు.