పాత జట్టు, కొత్త శ్రుతి

సంగీతము వృత్తిగా గలవారికి ఒక ధర్మసందేహం తరచుగా ఎదురవుతుంది. ఏళ్ల తరబడి ఒకే గాయకుని పక్కన ఫిడేలు వాయించిన విద్వాంసుడు, మరొకరు పిలిచినప్పుడు వెళ్లవచ్చునా? వెళితే పాత స్నేహానికి వెలితి. వెళ్లకపోతే తన విద్యకూ, జీవనానికీ వెలితి. ఉద్యోగరీత్యా నలుదిక్కుల నుండి వచ్చినవారు స్థిరపడిన విశాఖపట్టణం వంటి రేవు పట్టణంలో ఈ ప్రశ్న మరింత సహజం.

జట్లన్నీ ఒక తీరువి కావని మొదట గ్రహించాలి. బుర్రకథలో కథకునికి ఇరువైపులా ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. కథ నడక అంతా ఆ ముగ్గురి సంభాషణలో అల్లుకొని ఉంటుంది. ఒక వంత తప్పుకుంటే ఆనాటి కథ కుంటుపడుతుంది. సన్నాయి మేళంలో డోలుకూ సన్నాయికీ గల పొందిక కూడ ఇటువంటిదే. కర్ణాటక సంగీత కచేరీ పద్ధతి వేరు. అక్కడ పక్కవాద్య విద్వాంసుడు పలువురు గాయకులకు సహకరించడం ఆచారమే. కనుక మేళంలో విశ్వాసమంటే జట్టును వీడకుండటం. కచేరీలో విశ్వాసమంటే ఇచ్చిన మాట నిలుపుకోవడం.

విశాఖలో పెరిగిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు (1893–1964) అనేకమంది గాయకులకు పక్కవాద్యం వాయించి, ఫిడేలుకు ఏకవాద్యంగా కూడ గౌరవం సంపాదించారు. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో 1919లో ఫిడేలు ఆచార్యులుగా చేరి, 1936లో అధ్యక్షులైనారు. పలువురితో వాయించినందువలన ఆయన బాణీకి లోటు రాలేదు.

అన్నవరపు రామస్వామిగారి జీవితం మరింత స్పష్టమైన నిదర్శనం. ఆయనా, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారూ పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యులు. బాలమురళిగారి పక్కన ఆయన దశాబ్దాల పాటు వాయించారు. అయితే 1948 నుండి విజయవాడ ఆకాశవాణిలో నిలయ విద్వాంసులుగా కూడ ఆయన పనిచేశారు. పాడవచ్చిన ప్రతివారికీ సహకరించడం నిలయ విద్వాంసుని విధి: ఒకనాడు మహావిద్వాంసుడు, మరునాడు తొలిసారి మైకు ముందు కూర్చున్న గాయని. 1963లో ప్రారంభమైన విశాఖపట్టణ కేంద్రంతో ఉత్తరాంధ్ర గాయకులకు కూడ అటువంటి వేదిక చేరువైంది.

చిరకాల సహవాసంలో ఒక మేలు, ఒక కీడు ఉన్నాయి. గాయకుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, ఏ స్వరం మీద నిలుస్తాడో పక్కవాద్యానికి ముందే తెలుసు. అది మేలు. తెలుసుననే ధీమాతో వినడం మానివేయడం కీడు. కొత్తవారితో ఆ ధీమా చెల్లదు. ఒకటిన్నర శ్రుతికి అలవాటుపడిన ఫిడేలు, గాయని కోసం ఐదున్నరకు తీగలు మార్చుకొని సవరించుకోవాలి; మార్దంగికుడు హెచ్చు శ్రుతి మృదంగం వేరుగా తెచ్చుకోవాలి. కాలప్రమాణం, నెరవు చేసే పద్ధతి, తనికి విడిచే చోటు అన్నీ అక్కడికక్కడే వినిపట్టాలి. ఆ శ్రద్ధతో తిరిగి వచ్చినవాడు పాత మిత్రుని పాటలో కూడ కొత్త సంగతులు వింటాడు.

చిక్కు వచ్చేది తేదీల దగ్గర. శ్రీరామనవమి పందిళ్లకూ, త్యాగరాజ ఆరాధనకూ అందరి పిలుపులూ ఒకేసారి వస్తాయి. మేము చూచినంతలో మూడు నియమాలు స్నేహాలను కాపాడుతాయి. మొదట ఒప్పుకున్న కచేరీని పెద్ద పారితోషికం కోసం వదలరాదు. కొత్త పిలుపు సంగతి పాత మిత్రునికి ఇతరులు చెప్పక మునుపే తాను చెప్పాలి. ఒకరి లోపాలను మరొకరి దగ్గర ముచ్చటించరాదు. గాయకునికీ ఒక ధర్మం కలదు: తాను కచేరీలు లేక ఉన్న నెలల్లో తోటివానిని కట్టిపడవేయరాదు.

ఈసారి రేడియోలో కచేరీకి ముందు పక్కవాద్యాల పేర్లు చెప్పినప్పుడు శ్రోతలు కొంచెం చెవియొగ్గి వినగోరుతాము. గాయకుడు రాగం ముగించిన తరువాత ఫిడేలు అందుకునే మొదటి క్షణాలలో, అది పాత చెలిమియో కొత్త పరిచయమో పోల్చుకోవచ్చును.