మా రెండెకరాల చెల్క కథ

సోలాపూర్ సాఖర్ పేటలో ఉండే మాకు గుంటెడు భూమి లేదు. కానీ చిన్నప్పటి నుంచి ఒక మాట వింటూ పెరిగాను: "నల్లగొండ జిల్లల మనకు రెండెకరాల చెల్క ఉండె. చిన్నతాతోళ్లు మింగిండ్రు." ఈ కోపంతోనే బాపు వాళ్లింటి పెండ్లిళ్లకు కూడా పోలేదు. అసలు ఏం జరిగిందో చూద్దామని నేను వెతకడం మొదలుపెట్టాను.

సోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు 1877లో వచ్చింది. దాన్నే ఇక్కడ జునీ మిల్ అంటారు. ఊళ్లో మగ్గం మీద బతుకు గడవక, తెలంగాణ పద్మశాలీలు ఎందరో తరతరాలుగా ఇటు వచ్చారు. మా ముత్తాత కూడా చెల్కను తమ్ముడికి అప్పగించి అట్లాగే వచ్చాడు.

ఇంట్లో ట్రంకుపెట్టెలో పాత శిస్తు రసీదు ఒకటి దొరికింది. దాని మీద సర్వే నంబరు ఉంది. ఆ నంబరుతో తహశీల్దారు ఆఫీసులో నకళ్లకు దరఖాస్తు పెట్టాం.

మహారాష్ట్రలో సాత్‌బారా ఉన్నట్టే అక్కడ పహాణీ ఉంటుంది. అన్నిటికంటే పాతది సేత్వార్. నిజాం కాలంలో భూమి కొలిచి, ఏ నంబరు ఎవరి పట్టానో రాసిన రికార్డు అది. ఉర్దూలో ఉంటే పక్కింటి చాచాతో చదివించుకున్నాం. అందులో ముత్తాత తండ్రి పేరుంది. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో పట్టాదారు ముత్తాత, సాగులో ఉన్నది తమ్ముడు. తర్వాతి పహాణీలో రెండు చోట్లా తమ్ముడి పేరే!

"చూసినవా, ఎట్ల మార్చుకున్నరో!" అన్నాడు బాపు.

బీడీ ఆకు కత్తిరిస్తున్న నాయనమ్మ తల ఎత్తింది. "ఎవరూ మార్చుకోలె. డెబ్బై రెండు కరువుల మీ తాతే అమ్మిండు. తెల్ల కాగితం మీద ఏలిముద్ర ఏసి పైసలు తెచ్చిండు. ఆ పైసలతోనే సాంచె కొన్నం. నువ్వు పని నేర్చుకున్నది దాని మీదనే."

తెల్ల కాగితం మీద రాసుకునే ఇట్లాంటి అమ్మకాన్ని సాదా బైనామా అంటారు. రిజిస్ట్రేషన్ ఉండదు. అందుకే పహాణీలో పేరు మారింది కనిపిస్తుంది గానీ, ఎందుకు మారిందో కనిపించదు.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"చెప్పబోతే నీకేం తెలుసన్నరు. ఊకున్న."

బాపు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. ఈసారి రాఖీ పున్నానికి, మార్కండేయుని రథోత్సవానికి చిన్నతాత వాళ్లను పిలుద్దామని తెల్లారి తనే అన్నాడు. వస్తారో రారో చూడాలి.

మీ ఇంటి భూమి కథ వెతకాలనుకుంటే సర్వే నంబరు కావాలి, ఖాస్రా పహాణీ నకలు కావాలి. కానీ వాటికంటే ముందు మీ నాయనమ్మను అడగండి. ఆమె చెప్పేది మధ్యలో ఆపకుండా వినండి.