బాలింత మనసుకు భర్త ఆదరణే బలం



కాన్పయిన తల్లిని చూడవచ్చినవారు పాలు పడుతున్నాయా, కుట్లు మానాయా అని అడుగుతారు. మనసు ఎలా ఉందని అడిగేవారు తక్కువ. మొదటి రోజుల్లో ఊరకే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. సుమారు రెండు వారాల్లో అదే తగ్గిపోతుంది. ఆ తరువాత కూడా దిగులు, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టకపోవడం, బిడ్డను ఎత్తుకోవాలనిపించకపోవడం ఉంటే అది మానసిక కుంగుబాటు కావచ్చు. ఇది సోమరితనం కాదు, విశ్వాస లోపమూ కాదు. వైద్యంతో నయమయ్యే జబ్బు.

మన దేశంలో జరిగిన పలు అధ్యయనాలను కలిపి 2017లో చూసినప్పుడు, సుమారు 22 శాతం తల్లుల్లో ఈ కుంగుబాటు కనబడింది. గోవాలోని ఒక జిల్లా ఆసుపత్రిలో తల్లులను పరిశీలించిన వైద్యులు 2002లో దీనికి ముఖ్య కారణాలుగా పేదరికాన్ని, భార్యాభర్తల మధ్య సఖ్యత లేకపోవడాన్ని చెప్పారు. ఆడపిల్ల పుట్టిన ఇళ్లలో ఈ బాధ ఎక్కువైంది. కుంగిన తల్లుల బిడ్డలు ఆరు నెలలకు బరువులోనూ ఎదుగుదలలోనూ వెనుకబడ్డారని 2003లో తెలిపారు. తల్లి మనసు కుంగితే బిడ్డ నవ్వుకు బదులు నవ్వే ఓపిక, పాలు పట్టే ఓపిక తగ్గిపోతాయి.

మన వైపు తొలి కాన్పుకు భార్య పుట్టింటికి వెళ్తుంది. అందుచేత ఈ నెలల్లో తనకేమీ పని లేదని భర్త అనుకుంటాడు. అలా అనుకోవద్దు. రోజూ ఫోన్ చేసి మాట్లాడండి, వీలైనప్పుడల్లా వెళ్లి చూడండి. ఇంట్లో ఉంటే రాత్రి ఒక పూట బిడ్డను మీరు ఎత్తుకొని ఆమెను పడుకోనివ్వండి. ఆడపిల్ల అని నిందించకండి. ఆడో మగో నిర్ణయించేది తండ్రి బీజమే. భర్తలు భార్యలను ప్రేమించాలని అపొస్తలుడైన పౌలు ఎఫెసీయులకు రాశాడు. ఆ ప్రేమ ఇటువంటి పనుల్లోనే తెలుస్తుంది.

అత్తమామలకు, సంఘ పెద్దలకు ఒక మనవి. భర్త కొడుతున్నాడని చెప్పిన స్త్రీకి ఓర్చుకోమని చెప్పి పంపకండి. 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది. మనోవేదనకు 14416 నంబరులో ఉచితంగా సలహా దొరుకుతుంది. చనిపోవాలనో, బిడ్డకు హాని చేయాలనో తలంపు వస్తే ఆమెను ఒంటరిగా వదలక వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులు ఉన్నాయి.

ఆరు వారాల టీకాకు బిడ్డతోపాటు భర్త కూడా రావాలని కోరుతున్నాము.